"నా కథ చెప్తే తీసుకోరా అన్నా?"

మొన్న ఆదివారం అనంతపురంలో మా రిహార్సల్ రూముకు ధర్మవరం దగ్గరి పల్లె నుంచి ఒక పిల్లోడొచ్చినాడు. ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో మానేసినాడంట. "ఏమొస్తుందిరా నీకు?" అంటే, "మా నాయన తాగొచ్చి కొట్టేవాడన్నా, హోటల్లో ప్లేట్లు కడిగినా..." అని మొదలుపెట్టినాడు. పది నిమిషాలు చెప్పినాడు. వింటాంటే నాకే గొంతు పట్టుకునింది. "సరే నాయనా, ఇప్పుడొక స్కిట్ చేసి చూపించు" అన్నా. స్కిట్ లేదు. ఒక్క పంచ్ కూడా లేదు. "నా కథ చెప్తే తీసుకోరా అన్నా?" అన్నాడు.

మిమిక్రీ చేస్తూ, స్కిట్లు రాస్తూ బతికేవాణ్ణి కాబట్టి ఇట్లాంటోళ్లు నెలకు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొస్తారు. అందుకే కామెడీ మీద జనాల్లో ఉండే అపోహల గురించి ఈ నాలుగు మాటలు.

అపోహ: చిన్నప్పుడు కష్టాలు పడినోడే టీవీలో పెద్ద కమెడియన్ అవుతాడు.

అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచింది ఇదే. పండగ ఎపిసోడ్లో లైట్లు తగ్గించి, వెనక వయొలిన్ పెట్టి, మూడు నిమిషాల్లో ఆకలి నుంచి కారు దాకా చూపిస్తారు. ఆకలి నిజమే, కారూ నిజమే. మధ్యలో పదేళ్ల స్టేజి ఎగిరిపోతుంది. చూసే పిల్లోడు కష్టమే టికెట్టనుకుని, చదువు మానేసి హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌కు బస్సెక్కుతాడు.

చాప్లిన్ ఏడేళ్లకే లండన్‌లో గతిలేనోళ్లను పెట్టే వర్క్‌హౌస్‌లో ఉన్నాడని అందరూ చెప్తారు. మొదటి సినిమా వచ్చింది 1914లో, ఆయనకు 24 ఏళ్లప్పుడు. నడుమ ఏం చేసినాడు? అమ్మానాన్నలిద్దరూ స్టేజి మనుషులు. చిన్నప్పుడే పిల్లల డ్యాన్స్ ట్రూపుతో తిరిగినాడు, తర్వాత ఫ్రెడ్ కార్నో కంపెనీలో ఏళ్ల తరబడి స్టేజి కామెడీ ఆడినాడు.

అంత దూరమెందుకు, జానీ లీవర్ మన కనిగిరిలో పుట్టినోడే. ముంబైలో పెరిగి, ఏడో తరగతితో చదువాపి, రోడ్డు మీద పెన్నులమ్మినాడు. ఆ పెన్నులు ఎట్లమ్మినాడో ఎవరూ చెప్పరు: సినిమా హీరోల గొంతులు పెట్టి! హిందుస్థాన్ లీవర్‌లో పనికి చేరి, అక్కడి ఆఫీసర్లను అనుకరించే ఆ పేరు తెచ్చుకున్నాడు. నెల జీతం వస్తాండగానే షోలు చేసినాడు. కపిల్ శర్మ అమృత్‌సర్‌లో పోలీసు హెడ్ కానిస్టేబుల్ కొడుకు. కాలేజీ రోజుల నుంచే నాటకాలేసినాడు. తొలి ఆడిషన్‌లో తీసేసినా మళ్లీ పోయి, 2007లో కామెడీ పోటీ గెలిచినాడు. సొంత షో వచ్చింది 2013లో.

నా చిన్నతనమూ తీపిగా ఏం లేదు. శెనక్కాయ పంట పోయిన ఏడు మా నాయన బెంగళూరికి బేల్దారి పనికి పోయి రెండేళ్లు రాలేదు. ఇంటికొచ్చిన అప్పులాయన నడక, దగ్గు, బీడీ పట్టుకునే తీరు అన్నీ చేసి చూపిస్తే మా అవ్వ కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేది. నాకింక తిరుగులేదనుకున్నా. కదిరి పక్కన ఒక ఊరి జాతరలో, మ్యూజికల్ నైట్‌లో పాటకూ పాటకూ మధ్య ఐదు నిమిషాలిస్తే ఆ అప్పులాయన ఐటెమే చేసినా. ఒక్కడు నవ్వితే ఒట్టు. వెనక నుంచి "పాట పెట్టప్పా!" అని కేకలు.

మా అవ్వకు ఆ మనిషి తెలుసు. జాతర జనానికి ఎట్లా తెలుస్తాడు? ముందు రెండు మూడు మాటల్లో ఆయన్ని వాళ్ల కండ్ల ముందర నిలబెట్టల్ల, ఆ తర్వాతే పంచ్ వేయల్ల. ఈ చిన్న సంగతి తెలిసేసరికి నాకు రెండేళ్లు, ఓ నలభై స్టేజీలు పట్టినాయి. అప్పులాయన్ని ఇచ్చింది కష్టమే, కాదన్ను. ఆయన్ని ఎట్లా నిలబెట్టాలో మాత్రం అది నేర్పలేదు.

కష్టాల్లో ఉండే పిల్లలకు ఒక మాట. మీది చిన్న బాధని అనడంలా. ఇంట్లో దెబ్బలు తింటాంటే దాన్ని ఆడిషన్ కోసం దాచిపెట్టుకోవద్దు. పద్దెనిమిది లోపు వాళ్లు 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు.

అపోహ: డబ్బు కడితే ఛాన్స్ ఖాయం.

ఆడిషన్‌కు డబ్బడిగినోడు మోసగాడు. కోఆర్డినేటర్నని చెప్పుకున్న ఒకాయనకు నేనే ఇరవై వేలిచ్చినా, మా యమ్మ కమ్మలు కుదువబెట్టి. వారానికి ఫోన్ మూగబోయింది.

అపోహ: చదువుకున్నోడికి కామెడీ రాదు.

హైపర్ ఆది బీటెక్ చదివినోడు. జబర్దస్త్‌లో అదిరే అభి టీమ్‌లో చేరి, స్కిట్లు రాసి, ఆ తర్వాతే టీమ్ లీడర్ అయినాడు. టీవీలో నోటికొచ్చింది వాగుతారనుకునేవాళ్లకూ ఇదే జవాబు. అక్కడ రాసేది ఎక్కువ, వాగేది తక్కువ.

అపోహ: సీమ యాస ఫ్యాక్షన్ డైలాగులకే పనికొస్తుంది, సీమలో ఉంటే కళ రాదు.

సురభి నాటకాలు 1885లో మొదలైందే కడప జిల్లా సురభి ఊర్లో. పాత సినిమాల కమెడియన్ పద్మనాభం పుట్టింది అదే జిల్లా సింహాద్రిపురంలో. ఇంక యాస సంగతంటారా, "యాడికి పోతాండావ్‌ప్పా" అంటే హైదరాబాదోళ్లు ఒకసారి నవ్వుతారు. రెండోసారి నవ్వాలంటే లోపల జోకుండల్ల.

ఆ పిల్లోడికి ముందు కాలేజీకి పోయి పరీక్ష ఫీజు కట్టమన్నా. తర్వాత ఆ హోటల్ ఓనర్ మీద ఐదు నిమిషాలు రాసుకొని రమ్మన్నా. కండ్లనీళ్లు వద్దు, ఓనర్ గల్లాపెట్టె ముందు ఎట్లా కూర్చుంటాడో అదే కావాలన్నా. నిన్న రాత్రి ఫోన్ చేసినాడు. "అన్నా, ఫీజు కట్టినా. రాసింది చదివితే నిమిషంన్నరే వస్తాంది."

"ఓనర్ చిల్లర ఎట్లా లెక్కబెడతాడో రాసినావా?"

"అయ్యో, అది మర్చిపోయినా అన్నా" అని పెట్టేసినాడు.