రేవు కథ కూడా క్రైమ్ కథే: ‘ది వైర్’ వెనుక చరిత్ర

2024 మార్చిలో బ్రెజిల్ నుంచి విశాఖ పోర్టుకు వచ్చిన ఒక కంటైనర్‌ను సీబీఐ పట్టుకుంది. లోపల ఉన్నది 25 టన్నుల ఎండు ఈస్ట్. అందులో డ్రగ్స్ కలిశాయని అనుమానం. ఎన్నికల ముందు కావడంతో పార్టీలు ఒకదాని మీద ఒకటి దుమ్మెత్తి పోసుకున్నాయి. నెలలు గడిచాక డ్రగ్స్ లేవని తేలింది, కానీ అప్పటికి ఆ ఊసు ఎవరికీ పట్టలేదు. ఆ గొడవ జరుగుతున్నన్నాళ్లూ నాకు గుర్తొచ్చింది అమెరికన్ టీవీ సిరీస్ ‘ది వైర్’ రెండో సీజన్. అందులోనూ అమెరికాలోని బాల్టిమోర్ రేవులో ఒక కంటైనర్ తెరుస్తారు. లోపల ఊపిరాడక చనిపోయిన 13 మంది ఆడవాళ్లు ఉంటారు.

హెచ్‌బీవో ఛానెల్‌లో 2002 జూన్ నుంచి 2008 మార్చి వరకు వచ్చిన సిరీస్ ఇది. ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు. దీన్ని తయారుచేసిన డేవిడ్ సైమన్ సినిమా మనిషి కాదు, ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో క్రైమ్ రిపోర్టర్. 1988లో ఏడాది పాటు ఆ ఊరి హత్యల విభాగం పోలీసుల వెంటే తిరిగి, 1991లో పుస్తకం రాశాడు. అతనికి జోడీ ఎడ్ బర్న్స్. అదే ఊళ్లో ఇరవై ఏళ్లు పోలీసుగా పనిచేసి, ఆ తర్వాత బడిపంతులయ్యాడు. ఇద్దరూ కలిసి మత్తుమందు అమ్మే ఒక వీధి మలుపు జీవితాన్ని రాసిన పుస్తకం 1997లో వచ్చింది. అంటే ‘ది వైర్’ మొదలయ్యేనాటికి వాళ్ల దగ్గర పదేళ్లకు పైబడిన సరుకుంది. బర్న్స్ బడి అనుభవమే తర్వాత నాలుగో సీజన్ అయింది. నా మటుకు అన్నింట్లోకీ అదే గొప్పది.

మొదటి సీజన్‌లో పోలీసులు ఫోన్లు వినే పద్ధతే చూడండి. మత్తుమందు అమ్మేవాళ్లు వాడేది పేజర్లు, కాయిన్ బాక్సులు. నంబర్లు నేరుగా పంపరు. కీప్యాడ్ మీద 5కు అవతలి పక్కనున్న అంకె నొక్కుతారు: 1 బదులు 9, 2 బదులు 8. 5కు మాత్రం 0. ఆ గుట్టు విప్పినా పని అయిపోదు. ఫోన్ దగ్గరున్నది తమకు కావలసినవాడేనని కళ్లతో చూసి చెప్పడానికి ఒకడు మేడెక్కి కాపు కాయాలి. కోర్టు అనుమతి, ఓవర్‌టైమ్ డబ్బులు, పై అధికారి మూడ్, అన్నీ కుదిరితేనే కేసు కదులుతుంది. తీరా డబ్బు జాడ రాజకీయ నాయకుల వైపు మళ్లగానే పైనుంచి ఒత్తిడి మొదలవుతుంది. మన దగ్గర మన్యం నుంచి దిగే గంజాయి కేసుల్లోనూ పేపర్లో ఫొటో పడేది ఎక్కువగా మూటతో దొరికిన కుర్రాడిదే. పెట్టుబడి పెట్టినవాడి మొహం కనబడటం అరుదు.

రెండో సీజన్‌లో కథ ఒక్కసారిగా రేవుకు మళ్లేసరికి అమెరికాలో చాలామంది విసుక్కున్నారు. విశాఖవాళ్లకు మాత్రం అది సొంతిల్లులా అనిపిస్తుందని నా నమ్మకం. 1956లో తొలి కంటైనర్ ఓడ న్యూఆర్క్ నుంచి హూస్టన్‌కు బయల్దేరినప్పటి నుంచీ ప్రపంచమంతటా కళాసీల పని తగ్గుతూ వచ్చింది. పదులమంది రోజుల తరబడి దించే సరుకును క్రేన్ గంటల్లో దించేస్తుంది. బాల్టిమోర్ కార్మిక సంఘం నాయకుడు ఫ్రాంక్ సొబొట్కా స్మగ్లర్లకు కంటైనర్లు దాటిస్తాడు. ఆ డబ్బు జేబులో వేసుకోడు. కాలువ పూడిక తీయిస్తే పెద్ద ఓడలొస్తాయని, తనవాళ్లకు పని దొరుకుతుందని రాజకీయ నాయకులకు పోస్తాడు. తప్పు చేస్తున్నాడని తెలుస్తూనే ఉంటుంది, అయినా వాడి మీద కోపం రాదు.

ఆ సీజన్ ఆరంభంలో ఇద్దరు పోలీసులు బోటులో పోతూ ఉక్కు కర్మాగారాన్ని చూస్తారు. మా నాన్న అక్కడే చేసేవాడు, 73లో తీసేశారంటాడు ఒకడు. మా అంకుల్‌ని 78లో అంటాడు రెండోవాడు. అంతే, మాట మారిపోతుంది. అక్కడి బెత్లెహెం స్టీల్ 2001లో దివాలా తీసింది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించాక, గాజువాకలో, ఉక్కునగరంలో ఎన్ని ఇళ్లలో టెన్షన్ మొదలైందో తెలిసినవాళ్లకు ఆ రెండు మాటలు చాలు.

ప్రసారమైనన్నాళ్లూ దీన్ని చూసినవాళ్లు తక్కువ. ఎమ్మీ ఒక్కటీ రాలేదు. పేరంతా తర్వాత వచ్చిందే. లోపాలూ లేకపోలేదు. పత్రికాఫీసు చుట్టూ తిరిగే ఐదో సీజన్‌లో సైమన్ పాత కక్షలు తీర్చుకుంటున్నాడేమో అనిపిస్తుంది. ఉత్తుత్తి సీరియల్ కిల్లర్‌ను సృష్టించే కథ కూడా అతకలేదు. మొదటి నాలుగు ఎపిసోడ్లకు కాస్త ఓపిక కావాలి, ఎవరు ఎవరో అందేసరికే అంత సమయం పడుతుంది. రేవు కథ కోసమని నేరుగా రెండో సీజన్‌కు దూకకండి, మొదటిదాంట్లోని మనుషులే అందులోనూ ఉంటారు. సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టుకోవాల్సిందే. ఆ వీధుల యాస అమెరికన్లకే ఒక పట్టాన అర్థం కాదు.