పైచేయిని ఇంగ్లీషులో ఏమనాలి? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవారిలో ఉద్యోగార్థులతో పాటు విత్తనాలు, మిర్చి వ్యాపారం చేసే ఇళ్ల పిల్లలు కూడా ఉంటారు. బేరసారాల ఉత్తరాలు రాసేటప్పుడు వారు ఎక్కువగా తడబడేది బలాన్నీ ఆధిక్యాన్నీ చెప్పే మాటల దగ్గరే.

అపోహ: అప్పర్ హ్యాండ్, ఎడ్జ్, క్లౌట్, లెవరేజ్ అన్నీ ఒకటే.

వాస్తవం: ఆ బలం దేని మీద నిలిచిందన్నది మాటమాటకూ మారుతుంది. అప్పర్ హ్యాండ్ అచ్చంగా మన పైచేయే. ఎదుట ప్రత్యర్థి, నడుస్తున్న పోటీ ఉండాలి, ఈ రోజు ఒకరిదైన పైచేయి రేపు మరొకరిది కావచ్చు. ఎడ్జ్ సాధారణంగా స్వల్పమైన మొగ్గు. కబడ్డీలో ఇరవై పాయింట్లు ముందున్న జట్టుకు ఎడ్జ్ ఉందని రాస్తే చదివేవారు నవ్వుకుంటారు. క్లౌట్ అంటే పలుకుబడి, అది పదవి లేనివారికీ ఉంటుంది.

అపోహ: లెవరేజ్ అంటే అడ్వాంటేజ్‌కే కాస్త గంభీరమైన పేరు.

వాస్తవం: నేను ఎక్కువగా దిద్దవలసి వచ్చేది దీన్నే. లెవరేజ్‌లో ఉన్నది లీవర్, అంటే మన గడ్డపార చేసే పని. బండరాయిని లేపాలంటే గడ్డపార దూర్చడానికి సందు కావాలి. బేరంలో ఆ సందు ఎదుటివారి అవసరం. ఎనుమాముల మార్కెట్‌కు మంచి రంగున్న చపాటా మిర్చి తెచ్చిన రైతుకు ఆ రంగు అడ్వాంటేజ్. ధర నచ్చకపోతే బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఆగగలిగి, కొనేవారికి మాత్రం ఆర్డరు గడువు ముంచుకొస్తుంటే, అప్పుడు ఆయన చేతిలో ఉన్నది లెవరేజ్. సరుకు ఎంత మేలైనదైనా, అప్పు తీర్చడానికి సాయంత్రంలోగా అమ్మి తీరవలసిన రైతుకు అది ఉండదు. ‘వాడి పిలక నా చేతిలో ఉంది’ అనే మన మాట దీనికి బాగా దగ్గరిది, ఉత్తరంలో రాయలేము గాని.

ఇంకొక చిక్కు ఉంది. ఆర్థిక వ్యవహారాల్లో లెవరేజ్ అంటే అప్పుతో వ్యాపారం నడపడం. ఒక విద్యార్థి బ్యాంకు రుణం కోసం రాసుకున్న దరఖాస్తులో ‘మా సంస్థకు లెవరేజ్ ఎక్కువ’ అని గొప్పగా చెప్పుకున్నాడు. అప్పటికే అప్పుల్లో మునిగి ఉన్నామని బ్యాంకువారికి తానే చెప్పినట్టయ్యేది.

అపోహ: అప్పర్ హ్యాండ్ అన్న మాట, బేస్‌బాల్ ఆడే పిల్లలు ముందు ఎవరి వంతో తేల్చుకోవడానికి బ్యాటును ఒకరి చేతిపైన ఒకరు పట్టుకుంటూ పోయే పద్ధతి నుంచి పుట్టింది.

వాస్తవం: ఆ మాట 15వ శతాబ్దం నాటికే ఉంది. బేస్‌బాల్ అంతకన్నా చాలా తరువాతిది.

అపోహ: కంపారిటివ్ అడ్వాంటేజ్, కాంపిటీటివ్ అడ్వాంటేజ్ రెండూ పోటీలో ముందుండడమే.

వాస్తవం: మొదటిది 1817లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో వివరించిన వాణిజ్య సూత్రం. ఆయన ఉదాహరణలో బట్టనూ ద్రాక్షసారానూ రెండింటినీ పోర్చుగల్ ఇంగ్లండ్ కన్నా తక్కువ శ్రమతో తయారు చేయగలదు; అయినా ద్రాక్షసారాలో దాని ఆధిక్యం ఇంకా ఎక్కువ కాబట్టి, అదే చేసి బట్టను ఇంగ్లండ్ నుంచి కొనుక్కోవడమే దానికి లాభం. అంటే ఇక్కడ పోలిక ఒక దేశం తాను చేయగల పనుల మధ్యనే మొదలవుతుంది. రెండవది పోటీదారుల కన్నా మెరుగ్గా నిలిపే అంశం. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన వరంగల్ డర్రీల, అంటే జంపఖానాల గురించి కొనుగోలుదారుకు రాసేటప్పుడు, ఆ గుర్తింపును కాంపిటీటివ్ అడ్వాంటేజ్ అనాలి.