టైప్ 1 పిల్లల అమ్మల వాట్సాప్ గ్రూపులు: అపోహలు - వాస్తవాలు

పిల్లల డయాబెటిస్ క్లినిక్‌లో ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. టైప్ 1 అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవడం దాదాపు ఆగిపోయే డయాబెటిస్, ఇన్సులిన్ బయటి నుంచి వేయాల్సిందే. ఇన్సులిన్ ఎలా వేయాలి, షుగర్ ఎలా చూడాలి, అది మరీ పడిపోయి 'లో' అయితే ఏం చేయాలి అన్నది కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు నేర్పడం నా పని. కూర్చున్న గంటసేపట్లో నేను చెప్పగలిగేది కొంతే. మిగతాది వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. అలాంటి ఒక గ్రూపులో నన్నూ చేర్చుకున్నారు. ఈ గ్రూపుల గురించి ఇటు మా డాక్టర్లూ అటు ఇళ్లల్లో వాళ్లూ అనే మాటలు వింటుంటాను.

అపోహ: డాక్టర్ లేని గ్రూపులో తెలిసేదేముంటుంది?

ఒకామె రెండు రోజులుగా బాబు షుగర్ 350 కిందికి దిగట్లేదని మెసేజ్ పెట్టింది. డోసు పెంచారు, అన్నం తగ్గించారు, అయినా అంతే. ఇంకో అమ్మ ఒక్కటే అడిగింది: "అక్కా, సిరంజి మూత ఏ రంగు?"

ఆరెంజ్. సీసా మీద చూస్తే 40 ఐయూ అని ఉంది.

మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు దొరుకుతాయి: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి ఆరెంజ్ మూతది వాడాలి. 40 సీసాలోంచి ఆరెంజ్ సిరంజితో 10 గీత దాకా తీస్తే బిడ్డ ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే. అదే 100 సీసాకు ఎర్ర సిరంజి వాడితే రెండున్నర రెట్లు వెళ్తుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. ఎర్రవి అయిపోయాయని మందుల షాపులో ఇవి ఇచ్చారట. ఆ ప్రశ్న అడిగినావిడ ఇంట్లో ఏడాది కిందట ఇదే పొరపాటు జరిగింది, అందుకే చటుక్కున పట్టుకుంది.

అయితే అప్పటికే డోసు పెంచేసి ఉన్నారు. సరైన సిరంజి తెచ్చి ఆ పెంచిన డోసే వేస్తే బాబు లో అయిపోయేవాడు. ఎంత వేయాలన్నది మాత్రం డాక్టర్‌ని అడిగే సరిచేశాం.

అపోహ: గ్రూపుల్లో తిరిగేవన్నీ తప్పులే

రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు ఒకరికొకరు రాసుకున్న 4,600 మెసేజ్‌లను కూర్చుని చదివిన ఒక అధ్యయనం 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తప్పుగానో తప్పుదారి పట్టించేలానో ఉన్నవి 10. వాటిలో ఏడింటిని తోటి సభ్యులే సరిదిద్దారు, సగటున నాలుగున్నర గంటల్లో.

పేషెంట్లను తక్కువ అంచనా వేసే ప్రతి ఒక్కరికీ నేను ఈ లెక్క చెబుతాను. తల్లిదండ్రులకు మాత్రం ఆ నాలుగున్నర గంటల గురించే చెబుతాను. షుగర్ ఎక్కువగా ఉండి, పిల్లాడు వాంతులు చేసుకుంటూ, ఎగశ్వాస తీస్తున్నప్పుడు అంత టైమ్ ఉండదు. అవి కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, పెరిగిన గుర్తులు. అప్పుడు గ్రూపులో అడుగుతూ కూర్చోకండి, ఆసుపత్రికి బయల్దేరండి.

అపోహ: "ఫలానా వాళ్ల బాబుకి పొడపత్రి కషాయంతో ఇన్సులిన్ తగ్గింది, నా కళ్లతో చూశాను"

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. ఎందుకంటే ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తగ్గింది. జబ్బు బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో మిగిలి ఉన్నవి కాస్త తేరుకుంటాయి. కొన్ని వారాలో, కొన్ని నెలలో సొంత ఇన్సులిన్ కొంత వస్తుంది. డోసు సగానికి పడిపోవచ్చు, కొందరికి దాదాపు అక్కర్లేదన్నంత తగ్గవచ్చు. దీన్ని హనీమూన్ ఫేజ్ అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో చెప్పిన కషాయం కూడా మొదలవుతుంది. ఇక పేరంతా కషాయానికే. ఆ దశ ఎవరికైనా ముగిసిపోతుంది, ఇన్సులిన్ మళ్లీ పెరుగుతుంది. కానీ "తగ్గింది" అని ఉత్సాహంగా పెట్టినవాళ్లు "మళ్లీ పెరిగింది" అని పెట్టరు, మనసు చిన్నబుచ్చుకుని ఊరుకుంటారు. తగ్గిందన్న మెసేజ్ మాత్రం ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది.

దాన్ని చూసి ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లోనే పిల్లాడు ఐసీయూలో ఉండవచ్చు. ఎవరైనా అలా పెడితే తిట్టకండి. జబ్బు బయటపడి ఎన్నాళ్లయిందో అడగండి.

అపోహ: మా పాపా అదే వయసు, అదే బరువు, వాళ్ల డోసు మాకూ సరిపోతుంది

సరిపోదు. తిండి, ఆట, పెద్దమనిషయ్యే వయసు, ఎంతకాలంగా జబ్బుంది, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఎండాకాలం కుండలో ఇన్సులిన్ ఎలా దాచారో, స్కూల్లో టీచర్‌తో ఏం మాట్లాడారో రాయండి. యూనిట్లు రాయకండి.

అపోహ: అక్కడ దొరికేది ఓదార్పే, దానివల్ల ఒరిగేదేంటి?

మొన్న అర్ధరాత్రి దాటాక, పాపకి జబ్బని తెలిసి వారం కూడా కాని ఒకమ్మాయి ఇలా పెట్టింది: "నిద్రలో లో అయితే నాకు మెలకువ రాకపోతే?"

"రెండింటికి అలారం పెట్టుకో చెల్లీ, నేనూ అదే టైమ్‌కి లేస్తాను." "మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చల్లగా చెమట పట్టిందేమో." పొద్దున చూసి నేను చేర్చింది ఒక్కటే: చెమట లేకపోయినా మీటర్‌తోనే చూడాలి. 70 కంటే తక్కువుంటే పంచదార నీళ్లు తాగించి, పదిహేను నిమిషాలయ్యాక మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

రెండుంబావుకి ఆ అమ్మాయి మెసేజ్ ఉంది: "షుగర్ 112. పడుకుంది." దాని కింద, అదే నిమిషంలో, నలుగురి రిప్లైలు.