గోధుమలో పెంట, యూరియా: అపోహలు – వాస్తవాలు

ఆదిలాబాద్ వైపు సోయా తీసి నవంబర్‌లో గోధుమ వేసినవాళ్లు డిసెంబర్ రాగానే ఫోన్ చేస్తారు. మాట ఒక్కటే: "సార్, పెంట దండిగ కొట్టిన. అయినా చేను పసుపెక్కుతున్నది. ఏం మందు కొట్టాలె?"

అపోహ: పెంట వేస్తే యూరియా అక్కర్లేదు.

లెక్క చూడండి. టన్ను పెంటలో, అంటే పశువుల ఎరువులో, నత్రజని సుమారు 5 కిలోలు. ఎకరాకు 4 టన్నులు తోలినా 20 కిలోలే, అంటే ఒక్క యూరియా బస్తాతో సమానం. అందులో మొదటి పంటకు మూడో వంతు అందితే గొప్ప. గోధుమకు ఎకరాకు కావాల్సింది 48 కిలోలు. మిగతాది ఎవరిస్తారు, యూరియా అక్కర్లేదని వాట్సాప్ వీడియో పెట్టినాయనా?

పచ్చి పెంటయితే ఇంకా నష్టం. అందులోని గడ్డిని చివికించే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని ముందు అవే లాక్కుంటాయి. మూడు వారాలకు, సరిగ్గా పిలకలు వేసే వేళకు, పైరు పస్తుంటుంది. పైగా చెదలు.

మొన్న ఒక పెద్దాయన చేనుకు వెళ్తే గట్టు మీద పురుగు మందు, తెగులు మందు, టానిక్ సీసాలు ఖాళీగా పడి ఉన్నాయి. మొక్క పీకి చూస్తే అడుగు ఆకులే పసుపు, పై ఆకులు పచ్చగానే ఉన్నాయి. అది తెగులు కాదు, నత్రజని లోపం. సాలు పక్కన గీకితే గడ్డి పోచలు పోచలుగానే ఉన్నాయి. ఆయన్ని ఏమనగలం? పైసలు పెట్టి పెంట తోలినాక చేను పసుపెక్కితే ఎవరికైనా టెన్షనే. యూరియా వేసి తడి ఇస్తే పైరు తేరుకుంది, కానీ వేయాల్సిన పిలకలు పోయినట్టే.

చేతిలో నలిపితే పొడిపొడిగా రాలి, పేడ వాసన రాని ఎరువునే ఆఖరి దుక్కిలో కలపండి. ఎకరాకు డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) ఒక బస్తా, యూరియా రెండు బస్తాలు. డీఏపీ మొత్తం, యూరియాలో సగం విత్తేటప్పుడు, మిగతా సగం 21 రోజుల తడికి. నాలుగు టన్నుల పెంట వేశారా? యూరియాలో 12, 13 కిలోలు తగ్గించుకోండి, అంతే. పొటాష్ భూసార పరీక్ష చూసి.

అపోహ: రసాయన ఎరువుతో నేల గొడ్డుపోతుంది.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో కొన్ని మడులకు పెంట, కొన్నింటికి రసాయన ఎరువులు వేస్తూ గోధుమ పండిస్తున్నారు. రెండూ ఇప్పటికీ పండుతున్నాయి. నేలకు బలమిచ్చే సేంద్రియ కర్బనం పెంట మడుల్లోనే ఎక్కువ, అందుకే రెండూ కలిపి వాడమనేది.

అపోహ: జీవన ఎరువు, యూరియా కలిపి చల్లొచ్చు.

వద్దు. అజటోబాక్టర్ (గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా) అనే జీవన ఎరువును చివికిన పెంటలో కలిపి వేయండి. యూరియాకు కొన్ని రోజులు ఎడం ఇవ్వండి.