డీజిల్ దారిలో దొంగ గాలి

పాత ట్రాక్టర్ ఒక్కసారిగా చెడిపోదు, సతాయిస్తుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. ఖాళీ ట్రాలీతో రోడ్డు మీద హాయిగా పోతుంది. తీరా చేలో దిగి దమ్ము మొదలుపెట్టిన కాసేపటికి ఇంజన్ గొంతు మారుతుంది, రేజ్ (ఇంజన్ వేగం) లేస్తూ పడుతూ ఉంటుంది, చివరికి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేసి మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు "పంపు పోయింది" అంటారు. ఆ మాట నమ్మి ఇంజెక్షన్ పంపు, అంటే డీజిల్‌ను ఒత్తిడితో ఇంజన్‌లోకి పంపే పంపు, విప్పిస్తే ఖర్చు వేలల్లో తేలుతుంది. నన్నడిగితే పంపును అన్నిటికన్నా చివర అనుమానించాలి. డీజిల్ సరిగా పారకపోతే ఎక్కువసార్లు తప్పు గాలిది. ట్యాంకులో ఉండాల్సిన గాలి లేకపోయినా, పైపుల్లో ఉండకూడని గాలి చేరినా బండి ఆగుతుంది.

మాస్సీ ఫెర్గూసన్ 1035 లాంటి మూడు సిలిండర్ల బండిని తీసుకుందాం. ట్యాంకు ఇంజన్‌కు పైన, బానెట్ కింద ఉంటుంది. అక్కడి నుంచి డీజిల్ కాక్ (తెరిచి మూసే కుళాయి) దాటి, దాన్ని లాగి ముందుకు పంపే చిన్న ఫీడ్ పంపులోకి, ఫిల్టర్లలోకి, అక్కడి నుంచి ఇంజెక్షన్ పంపులోకి, ఉక్కు పైపుల గుండా సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్లకు చేరుతుంది. మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది. ఈ దారిలో ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ట్యాంకు నుంచి డీజిల్‌ను కిందికి నెట్టేది దాని బరువే. అర మీటరు ఎత్తున్న డీజిల్ ఇచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో నూటికి నాలుగు వంతులు మాత్రమే. డయాఫ్రం (సాగే పలచటి పొర) రకం ఫీడ్ పంపు దానికి మరికొంచెం జోడిస్తుంది. నాజిల్ తెరుచుకోవాలంటే మాత్రం వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్లు కావాలి. మొదట్లో ఊదితే ఆగేంత బలహీనంగా ఉన్న ప్రవాహం చివర్లో చర్మాన్ని చీల్చేంత బలంగా మారుతుంది. అందుకే లోపాలు మొదటి సగంలోనే ఎక్కువ. అక్కడ చిన్న అడ్డం కూడా పెద్దదే.

బరువు పడినప్పుడే ఎందుకు ఆగుతుంది? లెక్క వేద్దాం. 35 హెచ్‌పీ ఇంజన్ పూర్తి బరువు మీద గంటకు దాదాపు 8 లీటర్లు తాగుతుంది. ఊరికే ఆన్‌లో ఉంటే లీటరు దరిదాపు. అంటే పైపు కొంత మూసుకుపోయినా రోడ్డు మీద తేడా తెలియదు. పైగా గవర్నర్ ఒకటి ఉంటుంది. వేగం తగ్గగానే అది పంపును ఇంకాస్త తెరిచి లోటును కప్పేస్తుంది. పంపు పూర్తిగా తెరుచుకున్నాక ఇక కప్పడానికి ఏమీ మిగలదు, లోపం అప్పుడు బయటపడుతుంది. కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) బురదలో దిగడమే ఇంజన్‌కు అసలు పరీక్ష.

మొదట చూడాల్సింది ట్యాంకు మూత. దానికి సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. దుమ్ము, డీజిల్ జిడ్డు కలిసి అది పూడుకుపోతుంది. మూత పోతే పాలిథీన్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండు బిగించే పద్ధతి మన పల్లెల్లో బాగా తెలిసిందే, దాని ఫలితమూ ఇదే. ట్యాంకులో 10 లీటర్ల ఖాళీ ఉండి బయటి గాలి రాకపోతే, 400 మిల్లీలీటర్ల డీజిల్ కిందికి దిగేసరికి లోపలి ఒత్తిడి నూటికి నాలుగు వంతులు పడిపోతుంది. పైన చెప్పిన అర మీటరు బరువు దాంతో సరిసమానం. గంటకు 8 లీటర్ల లెక్కన దీనికి మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఫీడ్ పంపు బలవంతంగా లాగుతూ ఇంకొంతసేపు నడిపిస్తుంది, చివరికి అదీ చేతులెత్తేస్తుంది. పది నిమిషాల్లో మూత సందుల్లోంచి కాస్త గాలి దూరాక మళ్లీ మామూలు. ఇంజన్ మూలుగుతున్నప్పుడు మూత వదులు చేయండి. ఉస్సుమని శబ్దం వచ్చి రేజ్ అందుకుంటే జబ్బు దొరికినట్టే. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు లోపల ఖాళీ తక్కువ కాబట్టి ఈ జబ్బున్న బండి ఇంకా త్వరగా ఆగుతుంది.

మూత బాగానే ఉంటే సీసా పరీక్ష. ఫీడ్ పంపుకు వచ్చే పైపు విప్పి, కాక్ పూర్తిగా తిప్పి, ఒక నిమిషం సీసాలోకి వదలాలి. గంటకు 8 లీటర్లంటే నిమిషానికి 133 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసు. వచ్చేది దానికి చాలా ఎక్కువ ఉండాలి. ధార బలంగా మొదలై సన్నబడితే ట్యాంకు అడుగున తుప్పు రజనో గుడ్డ పీలికో ఉందని అర్థం. ప్రవాహం ఉన్నంతసేపు అది కన్నానికి అతుక్కుంటుంది, బండి ఆగితే జారిపోతుంది. రబ్బరు పైపు కొన్నిసార్లు పైకి బాగానే ఉండి లోపలి పొర ఊడి పైపుకే అడ్డం పడుతుంది, చేత్తో నొక్కి చూస్తే తెలియదు. పైపు సన్నబడితే నష్టం ఎంతో 1840ల్లో ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్ లెక్క తేల్చాడు. ఆయన వెతికింది రక్తనాళాల గుట్టు. గొట్టం లోపలి వ్యాసం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. అన్ని చోట్లా ఈ సూత్రం నిలవదు కానీ, ట్రాక్టర్ పైపులో డీజిల్ మెల్లగా, సుడులు లేకుండా పోతుంది కాబట్టి ఇక్కడ బాగా సరిపోతుంది.

ఇక పైపుల్లో చేరే గాలి. కొబ్బరిబోండాంలో పెట్టిన స్ట్రాకు చిన్న చిల్లుంటే నీళ్లు కారవు, పీల్చినప్పుడు గాలే నోట్లోకి వస్తుంది. ఫీడ్ పంపు లాగే వైపు పైపుకూ ఇదే వర్తిస్తుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు ఆ జాయింటు పొడిగానే కనిపిస్తుంది, ఆపిన తర్వాత డీజిల్ బరువుకు సన్నగా చెమ్మగిల్లుతుంది. కాబట్టి లీకు వెతకాల్సింది బండి ఆపాక, పైపులన్నీ శుభ్రంగా తుడిచి. ఇంకో గుర్తు ఉంది. మూత జబ్బు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు త్వరగా బయటపడితే, ఈ లీకు డీజిల్ సగానికి దిగాక ముదురుతుంది. పైనుంచి నెట్టే బరువు తగ్గిన కొద్దీ పంపు పీల్పు పెరుగుతుంది మరి. అరిగిన కాపర్ వాషర్, చీలిన రబ్బరు, పక్కకు తిరిగిన ఫిల్టర్ సీలు: దొంగలు సాధారణంగా ఈ ముగ్గురే.

కాస్త గాలి చేరితే అంత పెద్ద ఇంజన్ ఎందుకు ఆగాలి? మూడు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే గంటలో 1,80,000 సార్లు డీజిల్ చిమ్మాలి. 8 లీటర్లను అన్ని వాటాలు చేస్తే ఒక్కో చిమ్ముకు వచ్చేది 44 ఘనపు మిల్లీమీటర్లు, నీటి చుక్కంత కూడా కాదు. వాతావరణ పీడనానికి 200 రెట్లు నొక్కినా డీజిల్ నూటికి ఒకటిన్నర వంతు లోపే కుంచించుకుంటుంది. అదే ఒత్తిడి రావాలంటే గాలి రెండు వందలో వంతుకు నలగాలి. ఇంజెక్షన్ పంపులో డీజిల్ బదులు గాలి బుడగ కూర్చుంటే ప్లంజరు (డీజిల్‌ను నొక్కే సన్నటి కడ్డీ) శ్రమంతా దాన్ని నలిపి వదలడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు.

తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఈ పని గాలితోనే చేయించారు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ పరీక్షించి చూపిన ఇంజన్‌లో ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊదింది నొక్కిన గాలే. దానికి వేరే కంప్రెసర్ కావాలి, అదో బండెడు బరువు. బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక డీజిల్ ఇంజన్ లారీల్లోకి, ట్రాక్టర్లలోకి సులువుగా ఎక్కింది.

గాలి తీయడం కష్టమేమీ కాదు, వరస తప్పకూడదు. ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతి మీట కొడుతూ పోవాలి. నురగ పోయి శుభ్రమైన ధార రాగానే, ధార వస్తుండగానే బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ. చివరగా నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి, ఒక్కసారికి పది సెకన్లు మించకుండా. మీట బిగువు లేకుండా ఊగుతుంటే పంపు పోయిందని కంగారు పడొద్దు. లోపలి క్యామ్ (ఇంజన్‌తో తిరుగుతూ పంపును ఆడించే ముక్క) దాన్ని ఎత్తి పట్టుకుని ఉంటుంది, ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పితే మీట దారికి వస్తుంది. చిమ్మే నాజిల్ ముందు మాత్రం వేలు పెట్టకండి. ఆ ధార చర్మం కిందికి దూరుతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉన్నా, వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం అది.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ గొట్టం కూడా చూడండి. పొగే లేకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. తెల్ల పొగ వస్తే చేరుతోంది కానీ మండటం లేదు, అప్పుడు ఈ వ్యాసంలో చెప్పినవి వెతికి లాభం లేదు.

నీటి సంగతి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరవుతుందని అందరూ చెప్తారు. నిజమే కానీ లెక్క వేస్తే 20 లీటర్ల గాలి 30 డిగ్రీల నుంచి 20కి చల్లబడితే పావు గ్రాము నీరు వస్తుంది, అదీ గాలి తేమతో నిండి ఉంటే. గ్లాసెడు నీళ్లు దొరికాయంటే అవి వానలో నిలబెట్టిన డ్రమ్ములోంచో, వదులు మూతలోంచో వచ్చాయి. నీరు, డీజిల్ కలిసే అంచున హార్మోకోనిస్ రెసినే అనే బూజు డీజిల్‌నే తిని బతుకుతుంది. విమానాల ట్యాంకుల్లోనూ ఇది పేరుమోసింది. ఫిల్టర్ విప్పితే నల్లటి జిగురు పొర కనిపించిందా, ఫిల్టర్ ఒక్కటి మారిస్తే సరిపోదు, ట్యాంకు దించి కడగాలి. కిరోసిన్ కలిపిన డీజిల్ ఇంకో రకం నష్టం. పంపు ప్లంజర్లకు ఆయిల్ పని చేసేది డీజిలే, కిరోసిన్‌కు ఆ జిడ్డు చాలదు.

ఇవన్నీ చూశాక డిప్‌స్టిక్ తీయండి. ఇంజన్ ఆయిల్ మట్టం పెరిగి, పలచబడి, డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు డయాఫ్రం చినిగి ఉండొచ్చు. దాన్ని, ఆయిల్‌ను మార్చేదాకా బండి నడపొద్దు, బేరింగులు పోతాయి.

అసలు ఇంజెక్షన్ పంపు అరిగితే వచ్చే గుర్తు వేరు. ప్లంజరుకు, అది ఆడే గొట్టమైన బ్యారెల్‌కు మధ్య సందు కొన్ని మైక్రాన్లే, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అది అరిగితే వేడికి పలచబడిన డీజిల్ సందులోంచి వెనక్కి జారిపోతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు సులువుగా స్టార్ట్ అయ్యే బండి బాగా పనిచేసి ఆపాక మొరాయిస్తుంది. ఆపిన పంపు మీద తడిగుడ్డ కప్పి, చల్లారాక కొట్టి చూడండి. అప్పుడు అందుకుంటే "పంపు పోయింది" అన్న మాట నిజమే. దాన్ని చెట్టు కింద గోనెపట్టా మీద విప్పకుండా, పంపును పరీక్షించి సరిచేసే క్యాలిబ్రేషన్ బెంచి ఉన్న షాపుకు పట్టుకెళ్లండి.