తుపాకీ రాముడి కోతలూ, రేంజ్‌లో కనిపించే నిజాలూ

కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలో అడిగేది ఒకటే: "మేడమ్, పెల్లెట్లు ఎప్పుడిస్తారు?" గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న సీసం గుళ్లవి. ఇవ్వను. నిలబడటం, పిస్టల్ ఎత్తడం, గురి చూడటం, కాల్చకుండానే దించడం. రోజూ అదే పని. నాలుగో రోజుకి ఒకరిద్దరు మానేస్తారు. మిగిలినవాళ్లతో అసలు శిక్షణ మొదలవుతుంది.

పదహారేళ్లుగా ఎయిర్ పిస్టల్ నేర్పిస్తున్నాను. పిల్లలకి గురి కుదర్చడం కంటే వాళ్ల బుర్రలోంచి సినిమాని దించడానికే నాకు ఎక్కువ సమయం పడుతోంది. పెద్దవాళ్లతో ఇంకా కష్టం. తుపాకీ మాట ఎత్తగానే ప్రతివాళ్లలోనూ ఒక తుపాకీ రాముడు నిద్ర లేస్తాడు. నాకు పదే పదే ఎదురయ్యే మాటలకి ఒక్కచోట జవాబు రాసిపెట్టుకుంటే నోటికి శ్రమ తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

అపోహ: గొప్ప షూటర్ చేయి రాయిలా కదలకుండా ఉంటుంది.

కదులుతుంది. ఒలింపిక్ విజేతదైనా కదులుతుంది. గుండె కొట్టుకుంటున్నంతసేపూ, ఊపిరి ఆడుతున్నంతసేపూ కదలక తప్పదు. ఎంత కదులుతోందన్నది ఒక తేడా, ఆ కదలిక చూసి కంగారు పడుతున్నారా లేదా అన్నది అంతకంటే పెద్ద తేడా. కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, గురి సరిగ్గా మధ్యకి వచ్చిన క్షణాన్ని పట్టేద్దామని ట్రిగ్గర్ లటుక్కున లాగుతారు. వేలితో పాటు మణికట్టూ కదులుతుంది. పెల్లెట్ పోయి ఏడు పాయింట్ల వలయంలో పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఆ ఊగిసలాటని ఊగనిచ్చి, ట్రిగ్గర్ మీద ఒత్తిడి మాత్రం ఒకే తీరుగా పెంచుకుంటూ పోతారు. పేలడం ఎప్పుడు జరిగిందో తమకే కొంచెం ఆశ్చర్యంగా ఉండాలి. అప్పుడది మంచి షాట్.

లెక్కలు కూడా చెబుతాను. దూరం పది మీటర్లు. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా కొలిస్తే 11.5 మిల్లీమీటర్లు. ఎయిర్ రైఫిల్‌కైతే అర మిల్లీమీటరే, పెన్ను మొనతో పెట్టిన చుక్కంత. కాల్చే పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, అంటే చుక్క కంటే గుండే తొమ్మిది రెట్లు పెద్దది. అక్కడ పది కొట్టినా సరిపోదు. ఆ పదినే మళ్లీ పది ముక్కలు చేసి 10.0 నుంచి 10.9 దాకా లెక్కేస్తారు.

ఫైనల్‌కి ముందు జరిగే క్వాలిఫికేషన్‌లో 60 షాట్లకి గంటా పావు ఇస్తారు. షాట్‌కి 75 సెకన్లన్నమాట. కావలసినంత సమయం. ఎత్తిన ప్రతిసారీ కాల్చి తీరాలని ఎక్కడా లేదు. పది సెకన్లలో కుదరకపోతే చేయి దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ దించడం నేర్పడమే నా ఉద్యోగంలో సగం. నా దగ్గర పిల్లలు డైరీలో కాల్చిన షాట్లతో పాటు దించేసిన షాట్ల లెక్కా రాయాలి. ఆ గడిలో సున్నా కనబడితే ఆ రోజు స్కోరు ఎంత బాగున్నా నాకు అనుమానమే.

అపోహ: డేగ కళ్లుండాలి, కుర్ర వయసుండాలి.

పిస్టల్ షూటర్ కన్ను నిలిపేది టార్గెట్ మీద కాదన్న సంగతి వింటే చాలామంది నమ్మరు. బారెల్ (గొట్టం) చివరుండే ముందు సైట్, అంటే గురి చూసే చిన్న పొడుపు, స్పష్టంగా కనబడాలి, టార్గెట్ మసకగా ఉండాలి. కంటికి రెండు దూరాలూ ఒకేసారి స్పష్టంగా ఆనవు. ఒకటి వదులుకోవాలి, వదులుకోవాల్సింది టార్గెట్‌నే. కళ్లజోడు ఉన్నవాళ్లు నిశ్చింతగా రావచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికేచ్ మామూలు కళ్లజోడుతో, ఒక చేయి జేబులో పెట్టుకుని మిక్స్‌డ్ టీమ్ ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచాడు. అప్పటికాయన వయసు 51. ఆ ఫొటో చూసి జనం "ఏమీ పట్టనట్టు వచ్చి కొట్టేసి వెళ్లాడు" అని మీమ్స్ చేశారు. జేబులో చేయి స్టయిలనుకున్నారు పాపం. ఖాళీ చేయి వేలాడుతూ ఉంటే ఒళ్లు ఊగుతుంది, అందుకే జేబులోనో బెల్టులోనో దోపుకుంటాం. మేమందరం చేసే పనే అది. ఆయన అప్పటికే అనేక ఒలింపిక్స్ చూసినవాడు.

జార్జియాకి చెందిన నినో సలుక్వాద్జే 1988 నుంచి 2024 వరకు వరసగా పది ఒలింపిక్స్‌లో పాల్గొంది. హంగరీ సైనికుడు కరోలీ తకాచ్‌కి 1938లో గ్రనేడ్ పేలి కుడిచేయి పోయింది. ఎడమచేత్తో మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టి 1948లో, 1952లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు కొట్టాడు. నాకు పిల్లలెవరైనా సాకులు చెబితే ఈ కథ బయటికి తీస్తాను. ఇప్పటికి వాళ్లకి విని విని విసుగొచ్చి ఉంటుంది.

అపోహ: ఇది మగవాళ్ల ఆట.

1976లో మాంట్రియల్‌లో ఆడా మగా కలిసి పోటీపడ్డ రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (పడుకుని, మోకరిల్లి, నిలబడి కాల్చే పోటీ) అమెరికా షూటర్ మార్గరెట్ మర్డాక్ మొదటి స్థానంలో నిలిచినవాడితో సమానంగా స్కోరు చేసింది. టై విడదీసే నియమం వల్ల రజతం దక్కింది. స్వర్ణం గెలిచిన లానీ బాషమ్ జాతీయగీతం సమయంలో ఆమెని తన మెట్టు మీదికే లాక్కున్నాడు. 1992 బార్సిలోనాలో చైనా అమ్మాయి జాంగ్ షాన్ మగవాళ్లందరినీ దాటి స్కీట్ అనే షాట్‌గన్ పోటీలో స్వర్ణం గెలిచింది. తర్వాతి ఒలింపిక్స్‌లో స్కీట్ మగవాళ్లకే పరిమితమైంది, ఆడవాళ్లకి విడిగా పోటీ 2000లో గానీ రాలేదు. దాని గురించి నేను వేరే వ్యాఖ్య చేయను.

అపోహ: నిలబడి వేలు కదపడమే కదా, ఇదేం ఆట?

గుండె దడని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు ఈ ఆటలో నిషేధం. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు ఆ మాత్రతో దొరికి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. దడ లేని ఆటైతే ఆ మాత్రతో పనేముంటుంది? ఏకాగ్రత చెదిరితే ఏమవుతుందో 2004 ఏథెన్స్‌లో అమెరికా షూటర్ మాట్ ఎమన్స్ చూపించాడు. 50 మీటర్ల రైఫిల్ ఫైనల్, ఆఖరి షాట్. మామూలుగా కొట్టినా స్వర్ణం ఖాయం. కొట్టాడు, బాగానే కొట్టాడు, కాకపోతే పక్కవాడి టార్గెట్ మీద. సున్నా వచ్చింది. మొదటి స్థానం నుంచి ఎనిమిదికి పడిపోయాడు.

అపోహల గని: సినిమా.

ఇక్కడ ఒక్కొక్కటీ విడదీసి రాస్తే తెల్లారిపోతుంది. సైలెన్సర్ పెడితే "ఫుట్" అని దోమ చచ్చినంత శబ్దం రాదు. తుపాకీ మోత సాధారణంగా 140 డెసిబెల్స్ పైమాటే. ఆ పరికరం తగ్గించేది 20 నుంచి 35 వరకు. గుండు శబ్దవేగాన్ని దాటి వెళ్తే గాలిలో వచ్చే టపాకాయ లాంటి చప్పుడుని అదేమీ చేయలేదు. గుండు తగిలిన మనిషి వెనక్కి ఎగిరి గోడకి కొట్టుకోడు. అంత తోపు ఉండి ఉంటే న్యూటన్ లెక్క ప్రకారం కాల్చినవాడూ అవతలి గోడకి కొట్టుకోవాలి. రెండు చేతుల్లో రెండు పిస్టళ్లు పట్టుకుంటే రెండు గురులు తప్పుతాయి. సంబరంలో గాల్లోకి కాల్చిన గుండు మబ్బుల్లో కలిసిపోదు. ఎవరి నెత్తి మీదో దిగుతుంది, చంపుతుంది కూడా.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇంకొకటుంది: బ్లాంక్ తోటాలో గుండు ఉండదు కాబట్టి ఏమీ కాదని. గుండు లేకపోయినా మందు మండుతుంది, వేడి వాయువు బారెల్ మూతిలోంచి దూసుకొస్తుంది. 1984లో అమెరికన్ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో సరదాకి బ్లాంక్ పిస్టల్‌ని కణతకి ఆనించుకుని నొక్కాడు. ఆ దెబ్బకి పుర్రె ఎముక విరిగి మెదడులోకి దిగి, కొద్దిరోజులకి చనిపోయాడు. 1993లో నటుడు బ్రాండన్ లీ మరణం ఇంకో రకం. చూపించడానికి మాత్రమే వాడే, మందు లేని డమ్మీ తోటా తాలూకు గుండు బారెల్‌లోనే ఇరుక్కుని ఉండిపోయింది, ఎవరూ చూడలేదు. తర్వాత పేల్చిన బ్లాంక్ దాన్ని బయటికి తోసింది. బారెల్‌లోకి ఒక్కరు తొంగిచూసి ఉంటే సరిపోయేది.

అపోహ: ఏఆర్-15 అనే అమెరికన్ రైఫిల్ పేరులో ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కిపెడితే గుళ్ల వర్షమే.

ఏఆర్ అన్నది ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోంచి వచ్చింది. అంగట్లో దొరికే ఏఆర్-15 సెమీ ఆటోమేటిక్, ఒక నొక్కుకి ఒక గుండు. మెషీన్ గన్‌ల మీద అమెరికాలో 1934 నుంచే కఠిన నియంత్రణ ఉంది. 1986 తర్వాత తయారైనవి మామూలు పౌరులు కొనడానికి వీల్లేదు. కానీ ఈ పేర్ల తగువుతో వాదన గెలిచేశామనుకునే తుపాకీ ప్రియులంటే నాకు ఒళ్లుమంట. ఒక నొక్కుకి ఒకటే వచ్చినా పెద్ద మ్యాగజైన్‌తో (తోటాలు నింపే పెట్టె) ఒక మనిషి ఎంత ఘోరం చేయగలడో ప్రపంచం చాలాసార్లు చూసింది. పేరు సరిచేస్తే ప్రశ్న మాయమైపోదు.

అపోహ: చట్టాలు కఠినమైతే షూటింగ్ క్రీడ చచ్చిపోతుంది.

ఆట మనిషిని కాబట్టి ఇంటింటికీ తుపాకీ ఉండాలంటానని చాలామంది అనుకుంటారు. నేననను. నా రంగం నుంచే లెక్క చెబుతాను. చైనాలో మామూలు పౌరుడికి తుపాకీ దొరకడం దాదాపు అసాధ్యం. ఆ దేశానికి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి స్వర్ణం 1984లో షు హైఫెంగ్ పిస్టల్‌తోనే వచ్చింది. పారిస్‌లో షూటింగ్ ఒక్కదాంట్లోనే అయిదు స్వర్ణాలు పట్టుకుపోయింది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. రెండు వారాలు తిరక్కుండానే అక్కడి ప్రభుత్వాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ తర్వాత సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లని నిషేధించి, డబ్బులిచ్చి సుమారు 6.5 లక్షల తుపాకులు వెనక్కి తీసుకున్నాయి. ఆ తర్వాత కూడా 2000లో మైకేల్ డైమండ్, 2016లో క్యాథరిన్ స్కిన్నర్ ట్రాప్ అనే షాట్‌గన్ పోటీలో స్వర్ణాలు తెచ్చారు.

బ్రిటన్ సంగతి దాచకుండా చెప్పాలి. 1996లో డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసిపిల్లలూ వాళ్ల టీచరూ హతమయ్యాక, మరుసటి ఏడాది అక్కడ చేతి తుపాకులు దాదాపుగా నిషేధించారు. తోటా పిస్టల్ షూటర్లు సాధనకి వేరే దేశాలకి వెళ్లాల్సి వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు కొద్దిమందికి ప్రత్యేక అనుమతులు ఇవ్వాల్సి వచ్చింది. ఆటకి దెబ్బే. నా వృత్తి వాళ్లు ఆ చట్టాన్ని తిట్టడం విన్నాను, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ పిల్లల తల్లిదండ్రుల ఎదుట నిలబడి మా 25 మీటర్ల పిస్టల్ పోటీ గురించి మాట్లాడమంటే నాకు నోరు పెగలదు.

అపోహ: స్విట్జర్లాండ్ చూడండి, ఇంటింటా తుపాకీ ఉన్నా ఎంత ప్రశాంతమో!

సగం నిజం. అక్కడ సైనిక సేవలో ఉన్నవాళ్లు రైఫిల్ ఇంట్లో పెట్టుకుంటారు. దాంతో పాటు ఇళ్లలో ఉంచే తోటాలని మాత్రం 2007లో తీసుకున్న నిర్ణయంతో సైన్యం వెనక్కి తీసేసుకుంది. చాలా రకాల తుపాకులు కొనాలంటే అనుమతి పత్రం కావాలి. నింపిన తుపాకీ నడుముకి పెట్టుకుని తిరిగే అనుమతి సామాన్యులకి దొరకదు. తుపాకీ ఒక్కదాన్నే ఉదహరించి దాని చుట్టూ ఉన్న తాళాలని వదిలేస్తారు.

అపోహ: ఇంట్లో తుపాకీ ఉంటే ఇంటికి రక్ష.

స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో పౌరుల చేతుల్లో ఉన్న తుపాకులు సుమారు 85.7 కోట్లు. అందులో 39.3 కోట్లు ఒక్క అమెరికాలోనే. మనుషుల కంటే తుపాకులే ఎక్కువ. రక్ష అన్నదే నిజమైతే అంతకంటే సురక్షితమైన చోటు ఉండకూడదు. 2021లో అక్కడ తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. ఆ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. దొంగ కోసం దాచిన తుపాకీ ఇంట్లోవాళ్ల చెడ్డ రోజున చేతికందింది. ఆ చెడ్డ ఘడియ గడిచిపోతే బతికేవాళ్లే చాలామంది. అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్ల తల్లిదండ్రులకి మొదటి రోజే చెబుతాను: తుపాకీ ఒక తాళంలో, తోటాలు ఇంకో తాళంలో. ఇంట్లో ఎవరైనా మనసు బాగోక ఉంటే ఆ సామాను ఇంట్లోనే ఉంచొద్దు.

అపోహ: ఖాళీయే కదా!

చివరికి పెట్టానని చిన్నదనుకోకండి. ఈ రంగంలో నేను విన్న ప్రమాదాల్లో సగం ఈ రెండు మాటల తర్వాతే జరిగాయి. పోటీల్లో కాల్చని సమయంలో ప్రతి తుపాకీకీ సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. ఎయిర్ పిస్టల్‌కైతే నారింజ రంగు ప్లాస్టిక్ తీగ ఒకటి బారెల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా దూర్చి ఉంచుతాం. తీగ రెండు పక్కలా కనబడుతోందంటే లోపల పెల్లెట్ లేనట్టే, మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఫోను వస్తే నా పిస్టల్ బల్ల మీద పెట్టి పక్కకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పన్నెండేళ్ల అమ్మాయి బల్లకి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "మేడమ్, మీ ఫ్లాగ్ ఏది?" అంది. "ఖాళీయేలే అమ్మా" అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. సరే చూపిద్దామని తెరిచాను. పెల్లెట్ ఉంది.

ఆ పిల్ల ఏమీ అనలేదు. సామాన్ల పెట్టె దగ్గరికి వెళ్లి, ఒక నారింజ తీగ వెతికి తెచ్చి నా చేతిలో పెట్టింది.