గీజి ఫ్లైష్‌మన్: విరాళాల కమిటీ నుంచి ముడుపుల బేరం దాకా

రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్లొవాకియా యూదులను కాపాడుకోవడానికి నాజీ అధికారికి ఇచ్చిన ముడుపులు నిజంగా పనిచేశాయా, అడిగినంత డబ్బు సకాలంలో అంది ఉంటే ఇంకెంతమంది బతికేవారు అన్న ప్రశ్నల మీద చరిత్రకారులు, బతికి బయటపడినవారు, మతపెద్దలు యుద్ధం ముగిసిన నాటి నుంచీ తర్కించుకుంటూనే ఉన్నారు. ఈ చర్చలో రబ్బీ (యూదు మతగురువు) వైస్‌మాండెల్ పేరు, స్విట్జర్లాండ్‌లో నిధుల తాళం చేతిలో పెట్టుకున్న సాలీ మేయర్ పేరు తరచుగా వినిపిస్తాయి. ఆ డబ్బు కోసం ఉత్తరం వెంట ఉత్తరం రాసి, బేరం జరిపిన బృందానికి సారథ్యం వహించిన స్త్రీ పేరు మాత్రం వెనక్కి వెళ్లిపోతుంది. ఆ బేరం అలా ఎందుకు సాగిందో అర్థం కావాలంటే, యుద్ధానికి ముందు ఆమె చేసిన పని దగ్గర మొదలుపెట్టక తప్పదు.

గీజి ఫ్లైష్‌మన్ 1892లో, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగంగా ఉన్న ప్రెస్‌బుర్గ్‌లో, అంటే నేటి బ్రాటిస్లావాలో, ఆచారపరులైన యూదు కుటుంబంలో పుట్టారు. యూదుల ఆహార నియమాలు పాటించే భోజనశాల ఒకటి ఆ కుటుంబం నడిపేది. ఒక వ్యాపారిని పెళ్లాడి ఇద్దరు కూతుళ్లకు తల్లి అయిన ఆమె, పాలస్తీనాలో యూదులకు సొంత దేశం కావాలన్న జియోనిస్టు ఉద్యమపు మహిళా సంస్థ ‘వీజో’ శాఖలో పనిచేస్తూ స్లొవాకియాలో దాని నాయకురాలయ్యారు. విరాళాలు పోగుచేయడం, లెక్కలు అప్పగించడం, దూరదేశపు దాతలకు ఇక్కడి అవసరం అర్థమయ్యేలా రాయడం ఆమె అక్కడే నేర్చుకున్నారు.

1938 మార్చిలో ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో ఈ పని స్వరూపమే మారిపోయింది. సరిహద్దు దాటి వచ్చిన కాందిశీకులకు తిండి, బస, ప్రయాణ పత్రాలు చూడవలసి వచ్చింది. ఆ నవంబరులో కొంత భూభాగం హంగరీకి పోయినప్పుడు, అప్పటికి చెకోస్లొవేకియాలో భాగంగానే ఉన్న స్లొవాకియా స్వయంప్రతిపత్తి ప్రభుత్వం ఆ కోపాన్ని యూదుల మీద తీర్చుకుని, వేలమందిని కొత్త సరిహద్దు దగ్గరి ఎవరికీ చెందని నేల మీద చలిలో వదిలేసింది. ఈ సహాయానికి అవసరమైన సొమ్ము ప్రధానంగా 1914లో అమెరికాలో ఏర్పడిన జాయింట్ డిస్ట్రిబ్యూషన్ కమిటీ, వాడుకలో ‘జాయింట్’, నుంచి వచ్చేది. బ్రాటిస్లావాలో ఆ సంస్థకు నమ్మకమైన మనిషిగా ఫ్లైష్‌మన్ నిలిచారు. 1939లో కూతుళ్లను పాలస్తీనాకు పంపించారు కానీ తాను మాత్రం వెళ్లలేదు.

1939 మార్చి 14న జర్మనీ అండతో స్లొవాక్ రాజ్యం ఏర్పడింది. దాని అధ్యక్షుడైన జోసెఫ్ టిసో క్యాథలిక్ పూజారి. యూదుల దుకాణాలు, పొలాలు, ఉద్యోగాలు ఒక్కొక్కటిగా లాక్కున్న ఆ ప్రభుత్వం, 1940లో యూదు సంస్థలన్నిటినీ రద్దుచేసి, తన ఆజ్ఞలను అమలు చేయడానికి ‘యూదు కేంద్రం’ అనే ఒకే సంస్థను నిలబెట్టింది. ఫ్లైష్‌మన్ అందులో వలసల విభాగం చూసేవారు. ఇలాంటి సంస్థలో కూర్చోవడం శత్రువుకు సహకరించడం కాదా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయితే విదేశీ సహాయం అందుకోగల చట్టబద్ధమైన ద్వారం అదొక్కటే మిగిలిందన్న సంగతి మరచి ఆమెను తూచడం న్యాయం కాదు.

1942 మార్చి 25న పోప్రాద్ నుంచి సుమారు వెయ్యిమంది యువతులతో మొదటి రైలు, జర్మన్ల చేతిలోని పోలెండులో ఉన్న ఆష్‌విట్జ్ మరణశిబిరానికి బయలుదేరింది. అక్టోబరు దాకా దాదాపు 58,000 మందిని ఆష్‌విట్జ్‌కు, పోలెండులోనే ఉన్న లుబ్లిన్ ప్రాంతానికి తరలించారు. వారిలో యుద్ధం ముగిసేసరికి బతికినవారు కొన్ని వందలే. తరలించిన ఒక్కో మనిషికీ 500 మార్కుల చొప్పున జర్మనీకి చెల్లించడానికి స్లొవాక్ ప్రభుత్వం ఒప్పుకుంది. పోయినవారు తిరిగిరారనీ, వారి ఆస్తి స్లొవాకియాకే మిగులుతుందనీ దానికి బదులుగా హామీ పొందింది. మనుషులను పంపించడానికే ప్రభుత్వం తలసరి ధర కడుతున్న చోట, ఆపడానికి కూడా ఒక ధర ఉండవచ్చునని అనుకోవడం వింతేమీ కాదు.

యూదు కేంద్రం లోపలే రహస్యంగా ఒక బృందం ఏర్పడింది. దాన్నే తర్వాత ‘కార్యబృందం’ అన్నారు. కట్టుదిట్టమైన ఆచారపరుడు రబ్బీ మిఖాయెల్ దోవ్ వైస్‌మాండెల్, ఉదారవాద రబ్బీ ఆర్మిన్ ఫ్రీడర్, వాస్తుశిల్పి ఆంద్రేయ్ స్టైనర్, జియోనిస్టు నాయకుడు ఆస్కార్ నాయ్‌మన్ వంటివారు అందులో ఉన్నారు. మామూలు రోజుల్లో ఒక బల్ల దగ్గర కూర్చోవడానికే ఇష్టపడని ఈ పక్షాలన్నీ ఒక స్త్రీ నాయకత్వాన్ని, అదీ జియోనిస్టు స్త్రీ నాయకత్వాన్ని, ఒప్పుకున్నాయి. 1942 నాటి ఆచారపర సమాజంలో ఇది చిన్న విషయం కాదు. ఆమె చేతిలో విదేశీ సంబంధాలు ఉండటం, ఏ పక్షమూ ఆమె నిజాయితీని శంకించకపోవడం ఇందుకు తోడ్పడి ఉంటాయి.

ఆ వేసవిలో, యూదుల తరలింపులను నడిపించిన నాజీ అధికారి అయిఖ్‌మన్ తరఫున బ్రాటిస్లావాలో సలహాదారుగా ఉన్న డీటర్ విస్లిట్సేనీకి, కార్ల్ హోఖ్‌బెర్గ్ అనే మధ్యవర్తి ద్వారా 40 నుంచి 50 వేల డాలర్ల దాకా ముడుపు అందింది. విదేశీ యూదు సంస్థలే తమ వెనక ఉన్నాయని నమ్మించడానికి, అసలు లేని ఒక స్విట్జర్లాండ్ ప్రతినిధి పేరుతో వైస్‌మాండెల్ ఉత్తరాలు సృష్టించారు. ఆ తర్వాత రైళ్లు పలచబడ్డాయి, అక్టోబరు 20తో ఆగిపోయాయి. తమ డబ్బే ఆపిందని బృందం గట్టిగా నమ్మింది. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నమ్మకం నిలవడం కష్టం. జూన్ చివరికే 50,000 మందికి పైగా వెళ్లిపోయారు; మే నెల చట్టం ప్రకారం మతం మారినవారికి, అధ్యక్షుడి మినహాయింపు ఉన్నవారికి రక్షణ దొరికింది; ఆర్థిక వ్యవస్థకు అవసరమని పత్రాలు పొందినవారు చాలామంది; వాటికన్ అసంతృప్తి కూడా ప్రభుత్వానికి చేరింది. ముడుపు చేతులు మారకముందే వేగం తగ్గిందన్నది నేడు ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. 1942లో బ్రాటిస్లావాలో కూర్చున్నవారికి మాత్రం కనిపించింది రెండే విషయాలు: డబ్బు ఇచ్చారు, రైళ్లు ఆగాయి.

ఆ అనుభవంలోంచే, జర్మన్ల చేతిలోని యూరప్ అంతటి నుంచీ పోలెండుకు తరలింపులను ఆపించాలన్న ‘యూరప్ పథకం’ పుట్టింది. అడిగిన మొత్తం 20 నుంచి 30 లక్షల డాలర్లు, ముందుగా చెల్లించవలసింది 2 లక్షలు. ఫ్లైష్‌మన్ జర్మన్ భాషలో రాసిన ఉత్తరాలు దొంగచాటుగా స్విట్జర్లాండుకు, ‘జాయింట్’ ప్రతినిధి సాలీ మేయర్‌కూ ఇతరులకూ చేరేవి. శత్రుదేశానికి డాలర్లు పంపడం అమెరికా చట్టం ప్రకారం నేరం. మేయర్ చేతిలో ఉన్న సొమ్మూ స్వల్పమే. యుద్ధం తర్వాత తీరుస్తామని మాట ఇచ్చి స్థానిక ధనికుల దగ్గర అప్పు తీసుకోవచ్చన్న సూచన వచ్చింది. ఆస్తులన్నీ ప్రభుత్వం ఊడ్చుకున్న దేశంలో అప్పిచ్చే ధనిక యూదులు ఎక్కడుంటారు? ఏళ్లతరబడి దాతలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపిన ఆమెకు, అవసరం వివరంగా చెబితే సహాయం వస్తుందన్నది అనుభవం నేర్పిన పాఠం. ఈసారి ఆ పాఠం పనిచేయలేదు. 1943 శరత్కాలం నాటికి విస్లిట్సేనీ సంప్రదింపులు నిలిపేశాడు. అతనికి బెర్లిన్ అనుమతి నిజంగా ఉండేదా, మొదటినుంచీ మోసమేనా అన్న చర్చ ఇంకా తెగలేదు. రెండో వాదనే బలంగా కనిపిస్తుంది.

బేరాల చర్చ వెనక మరుగునపడిన పనులు నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. పోలెండులోకి దూతలను పంపి, తరలిపోయినవారికి డబ్బు అందించి, వారి ఉత్తరాలు తెప్పించారు. పోలెండు నుంచి తప్పించుకొచ్చినవారిని హంగరీకి దాటించారు. సెరెద్, నోవాకి, విహ్నే శ్రమశిబిరాల్లోని ఉత్పత్తి దేశానికి అవసరమని చూపించి, అక్కడివారిని తరలింపు నుంచి తప్పించడానికి స్టైనర్ పాటుపడ్డారు. 1944 ఏప్రిల్‌లో ఆష్‌విట్జ్ నుంచి తప్పించుకున్న రుడాల్ఫ్ వ్రబా, ఆల్‌ఫ్రెడ్ వెట్జ్లర్ చెప్పిన వివరాలను జిలినాలో నమోదు చేసింది కూడా ఈ యూదు కేంద్రం వారే. ఫ్లైష్‌మన్ మాత్రం ఆ ఏడాది మొదట్లో లంచం అభియోగం మీద కొన్ని నెలలు జైల్లో గడిపారు.

1944 ఆగస్టు చివర స్లొవాక్ తిరుగుబాటు రేగగానే జర్మన్ సైన్యం దిగింది. సెప్టెంబరులో అయిఖ్‌మన్ అనుచరుడు ఆలోయిస్ బ్రున్నర్ వచ్చాడు. బేరానికి ఇక చోటు లేకపోయింది. సుమారు 12,000 మందిని సెరెద్ మీదుగా తరలించారు. అక్టోబరులో ఫ్లైష్‌మన్‌ను పట్టుకుని, ‘తిరిగి రావడం అవాంఛనీయం’ అన్న గుర్తుతో ఆష్‌విట్జ్ రైలు ఎక్కించారు. చేరగానే చంపేశారు.

టిసోను 1947లో, విస్లిట్సేనీని 1948లో బ్రాటిస్లావాలో ఉరితీశారు. బ్రున్నర్ సిరియాకు పారిపోయి శిక్ష తప్పించుకున్నాడు. ఆష్‌విట్జ్ రైల్లోంచి దూకి బతికిన వైస్‌మాండెల్ అమెరికా చేరి, జియోనిస్టు నాయకులూ ‘జాయింట్’ సంస్థా చేతులు ముడుచుకున్నందువల్లే యూరప్ పథకం విఫలమైందని 1957లో చనిపోయేదాకా ఆరోపించారు. ఆ ఆరోపణే దశాబ్దాలపాటు చర్చకు దారి వేసింది. ఆయన వేలెత్తి చూపిన జియోనిస్టు ఉద్యమంలోనే ఫ్లైష్‌మన్ పెరిగారు, ‘జాయింట్’ సొమ్మునే పంచారు. అలాంటి ఆమె ఎవరిని తప్పుపట్టి ఉండేవారో చెప్పడానికి మిగిలినవి ఆమె ఉత్తరాలే. వాటిలో ఆలస్యం మీద వేదన, మందలింపు కనిపిస్తాయి. అయినా తర్వాతి ఉత్తరంలో మళ్లీ కొత్త అభ్యర్థన ఉంటుంది.